ఏడు బోన్సాయ్ మొక్కలూ, నా రంగు బకెట్టూ

మనిషికి పళ్లు రెండు విడతలుగా వస్తాయి. బుద్ధి, వస్తే గిస్తే, చాలా విడతలుగా వస్తుంది. 'నాకన్నీ తెలుసు' అన్న నమ్మకం మాత్రం ఇరవై మూడో ఏట ఏకమొత్తంగా వచ్చి పడుతుంది. ఆ రోజుల్లో నా దగ్గర అది పక్కవాళ్లకు పంచినా మిగిలేటంత ఉండేది. ఏదైనా తెలియని సంగతి ఎదురైతే అది నాకు తెలియనిదని అనుకునేవాణ్ణి కాదు, ఇంకా నన్ను కలుసుకునే భాగ్యం దానికి కలగలేదని అనుకునేవాణ్ణి. బేతంచెర్లలో జానెడేసి ఎత్తున్న ఏడు చెట్లు, ఒక నల్ల సీసా కలిసి ఆ నమ్మకాన్ని ఎలా వేళ్లతో సహా పీకేశాయో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు, చెమటలొచ్చాయి.

మాది కర్నూలు జిల్లాలో ఒక నేతగాళ్ల వీధి. నాన్న మగ్గం మీద, అమ్మ రంగు తొట్టి దగ్గర. నూలుకు రంగు వేయడంలో మా అమ్మ చేతికి వీధంతా పేరుండేది. తొట్టిలో నీళ్లు కాగుతుంటే ఒక తెల్లటి పోగును ముంచి తీసి, వెలుతురుకు పట్టి చూసేది. ముదురుగా పట్టిందా సరే, లేదంటే తొట్టిలోకి మరో గరిటె రంగు. పల్చటి రంగునీళ్లంటే మా ఇంట్లో అర్థం ఒకటే: నూలును మూడోసారి జాడించాక మిగిలేవి, వీధిలో పారబోసేవి. ఈ విద్య నాకు ఉగ్గుపాలతో అబ్బింది. (ఉగ్గుపాలు కూడా అమ్మ చిక్కగానే కలిపి ఉంటుంది.)

డిగ్రీ అయ్యాక బేతంచెర్లలో నాపరాళ్లకు పాలిష్ పెట్టే ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేరాను. ఆరు నెలలు పని చూసి, నచ్చితే ఉద్యోగం ఖాయమని కాగితమిస్తామన్నారు యజమాని. ఈ చెట్ల గొడవ మొదలయ్యేనాటికి నాలుగు నెలలు గడిచాయి. ఇంట్లో నాన్నకు చూపు మందగిస్తోంది. తెగిన పోగు కనపడక వేళ్లతో తడిమి ముడివేస్తున్నాడు. నా చేతికి ఆ కాగితం వస్తే నాన్నను మగ్గం దింపాలన్నది మా ఇంట్లో జరిగిన ఒప్పందం. అందుకని అమ్మ ఫోన్ చేస్తే తిన్నావా అని కూడా అడిగేది కాదు. "కాగితమిచ్చినారా నాయనా?" అనేది. "ఇస్తారులేమ్మా" అంటే, "మీ నాయన ఇయ్యాల మగ్గం మీద పేకలో ఎర్రపోగు బదులు నల్లపోగు ఏసినాడు. బిన్నా ఇయ్యమని చెప్పు, ఆలస్యం చెయ్యొద్దని" అనేది.

ఫ్యాక్టరీ సంగతి చెప్పాలంటే ముందు దుమ్ము సంగతి చెప్పాలి. రాయి కోస్తే దుమ్ము, అరగదీస్తే దుమ్ము, లారీ కదిలితే దుమ్ము. మా కనుబొమలు తెల్లన, మా రిజిస్టర్లు తెల్లన. ఆ ఊరి ఇడ్లీ మీద దుమ్ము పడినా ఇడ్లీకి తెలియదు, తినేవాడికీ తెలియదు. ఏది తెల్లగా కనపడినా దుమ్మేనని తుడిచేయడం నాకు అలవాటైపోయింది. ఈ అలవాటే నా కొంప ముంచింది.

యజమాని భార్యను మేమందరం అమ్మగారనేవాళ్లం. కొండంత రాళ్ల మధ్య బతికే ఆమెకు గుప్పెడంత చెట్ల మీద మోజు. ఆఫీసు వెనక వరండాలో, అన్నం పళ్లేల్లాంటి లోతులేని కుండీల్లో, ఏడు బోన్సాయ్‌లు పెంచేది. చింత, వేప, రావి, జువ్వి, మేడి, దానిమ్మ, కాగితాలపూలు. అన్నీ రెండు మూడేళ్ల పసివి. వాటి కొమ్మలకు రాగితీగ చుట్టి, ఎటు వంగాలో చెప్పి మరీ పెంచుతోంది. మాకు టీ కాచే టీ అవ్వ (పత్తికొండ వైపు మెట్టచేలల్లో యాభై ఏళ్లు కష్టపడి వచ్చిన మనిషి) వాటిని చూసినప్పుడల్లా నాలుక చప్పరించేది.

"చింతమానంటే దాని కింద రెండు జతల ఎద్దుల్ని కట్టెయ్యాలప్పా. దీని కింద ఏం కట్టేస్తావు, చీమనా? కూడు పెట్టకుండా ఎండగడతాండారు."

నాకూ లోపల అదే అనిపించేది. మా సీమలో ఇంటికొచ్చిన మనిషి బక్కగా తిరిగి వెళితే ఆ ఇంటికే మాట. అలాంటిది ఇంట్లోనే ఉన్న చెట్టు బక్కగా ఉంటే?

ఉగాది వెళ్లిన వారానికి అమ్మగారు కూతురి కాన్పుకని బెంగుళూరు బయల్దేరింది. మూడు వారాలకు గానీ రాదు. వెళ్తూ నన్ను వరండాలోకి పిలిచి, నల్ల సీసా ఒకటి చేతిలో పెట్టింది. అందులో ద్రవ ఎరువు. దాంతో పాటు తన చేతిరాతతో ఒక కాగితం. ఎరువు పోసే ముందు మామూలు నీళ్లతో మట్టి తడపాలి. అయిదు లీటర్ల నీళ్లకు అరమూత, అంతకు మించి చుక్క కూడా వద్దు. పదిహేను రోజులకొకసారి, ఎండ ఎక్కకముందే పోయాలి. నీరసంగా కనపడిన చెట్టుకు అసలే పోయకూడదు. బోరు నీళ్లు సున్నపు నీళ్లు కాబట్టి తాగే క్యాన్ నీళ్లే వాడాలి. పని అయ్యాక చేతులు కడుక్కోవాలి.

"ఇవి పసిబిడ్డలనుకో. పసిబిడ్డకు ఆకలికన్నా అజీర్తితోనే భయం. నువ్వు నేతగాళ్ల పిల్లోనివి, చేతిలో నిదానముంటాదని నీకిస్తాండా" అంది. పక్కనే, తనూ ప్రయాణానికి సిద్ధమైన యజమాని, మా సారు, "వచ్చినాక నీ కాగితం సంగతి చూస్తాంలే" అన్నాడు. ఆ ఒక్క ముక్కతో ఆ ఏడు చెట్లకూ, నాన్న కళ్లకూ నా బుర్రలో ముడి పడిపోయింది. వీటిని మామూలుగా పెంచితే చాలదు. ఆమె తిరిగొచ్చి ముక్కున వేలేసుకునేలా పెంచాలి.

మొదటి రోజు కాగితంలో ఉన్నది ఉన్నట్టే చేశాను. బకెట్టులో అయిదు లీటర్ల క్యాన్ నీళ్లు, అరమూత ఎరువు. కలిపి చూశాను. నీళ్లకు రంగొచ్చింది... అంటే, వచ్చానని చెప్పి వెళ్లిపోయింది. అవ్వ కాచే టీలో కూడా అంతకన్నా ఎక్కువ రంగుంటుంది. నాలోని రంగులవాడి రక్తం ఉడికింది. అలవాటు చొప్పున, భుజం మీదున్న తువ్వాలు (నాన్న నేసిందే) అంచు నుంచి ఒక తెల్లపోగు లాగి, బకెట్టులో ముంచి, వెలుతురుకు పట్టాను. పోగు తెల్లగానే ఉంది. నూలుపోగుకే పట్టనిది చెట్టు వేరుకు ఏం పడుతుంది?

ఇంకో మూత పోశాను. పోగు పసుపు పచ్చగా అయింది. ఇంకోటి. ఎండుగడ్డి రంగు. మొత్తం ఆరు మూతలయ్యేసరికి పోగు చక్కటి ఇటుక రంగు పట్టింది. అరకూ ఆరుకూ మధ్య ఒక దీర్ఘం, ఒక కొమ్ము, అంతే కదా అని సమాధానం చెప్పుకున్నాను. మరి పదిహేను రోజులకొకసారి అన్న మాటో? నూలుకు ఒక్క ముంపుతో రంగు నిలవదు, ఆరబెట్టి మళ్లీ ముంచాలి. కాబట్టి రోజు మార్చి రోజు. ముందుగా మట్టి తడపాలన్న నియమమో? తడి నూలుకు రంగు పల్చగా పడుతుంది. కాబట్టి పొడి మట్టికే. ఇలా ఆమె రాసిన ఒక్కొక్క వాక్యాన్నీ మా అమ్మ తొట్టిలో ముంచి తీశాను.

మీరు నమ్మరు గానీ, మొదటి వారం చెట్లు నన్ను నమ్మించాయి. ఆకులు నిగనిగలాడాయి. చింతకు కొత్త చిగుళ్లు తీగలను దాటి బయటికొచ్చాయి. ఫోటో తీసి అమ్మగారికి పంపాను. "బాగుండాయి. మరీ పెరగనీకు" అని జవాబొచ్చింది. పెరగొద్దనే పెంపకం ఎక్కడైనా ఉంటుందా? పెద్దింటి మనిషి కదా, మొహమాటంతో అలా అంది అనుకున్నాను.

రెండో వారంలో కుండీల్లో మట్టి మీద తెల్లటి పొర కనపడింది. దుమ్ము! సుతిమెత్తటి రంగుల బ్రష్షు ఒకటి తెచ్చి, ప్రతి ఉదయం తుడిచాను. మర్నాటికి మళ్లీ తెల్లపొర. మళ్లీ తుడిచాను. మిగతా వరండా అంతటికీ పట్టే దుమ్ముకన్నా ఈ ఏడు కుండీలకే ఎక్కువ దుమ్మెందుకు పడుతుందని ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. పైగా, 'పాపం వీటికి నరదృష్టి తగిలినట్టు దుమ్ము కూడా తగులుతోంది' అని జాలిపడి, ఒక్కొక్క కుండీకీ ఎండుమిరపకాయతో దిష్టి తీశాను. (ఈ ముక్క ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు.)

తర్వాత ఆకుల కొనలు మాడాయి. ఎవరో వరసగా అగ్గిపుల్లతో అంటించినట్టు, సరిగ్గా కొనలు మాత్రమే. నీరసం! తిండి చాలలేదు! ఆరు మూతలు ఎనిమిది చేశాను. దానిమ్మ మూడు రోజుల్లో ఆకంతా రాల్చి, చీపురుపుల్లలా నిలబడింది.

ఇంకో మూడు రోజుల్లో అమ్మగారు వస్తారనగా, ఒక ఉదయం నేను బకెట్టు పట్టుకుని వరండాలోకి వెళ్లేసరికి టీ అవ్వ చింత కుండీ ముందు గొంతుక్కూర్చుని ఉంది. వేలితో తెల్లపొరను గీరి, నాలుకకు రాసుకుని, తుపుక్కున ఉమ్మేసింది. (ఎరువును నాలుకతో పరీక్షించమని నేనెవరికీ చెప్పడం లేదు. అవ్వ మాట వేరు.)

"ఏమప్పా, ఇది దుమ్మనుకున్నావా?"

"కాదా అవ్వా?"

"ఉప్పు! చౌడు పట్టింది మట్టికి. పంట పండే నేలని చౌడునేల చేసినావు కదరా సామీ! మా కింది చేను చౌడెక్కినప్పుడు సెనగ ఆకు ఇట్లనే కొనలు మాడి సచ్చిపాయ. ఏం పోస్తాండావు వీటికి?"

బకెట్టు చూపించాను. లోపలికి తొంగి చూసి, గుండెలు బాదుకుంది.

"ఓరి నీ... ఇది కలిపితే చెట్టుకు పోసేదిగా లేదు, కోకకు అద్దేదిగా ఉండాది!"

ఆ క్షణంలో నా ఇరవై మూడేళ్ల సర్వజ్ఞత్వం కాళ్ల కింద జారిపోయింది. చెట్లు సరే, ఎదురుగా కనపడింది మాత్రం మగ్గం మీద పోగులు తడుముకుంటున్న నాన్న. "అవ్వా, నా కాగితం పాయ" అన్నాను.

"కాగితం తర్వాత. ముందు బిడ్డల్ని కడుగు" అంది అవ్వ. "చౌడు చేనుకి మందేముండాది? మంచినీళ్లు నిలబెట్టి ఉప్పును కిందికి దింపేదే. ఆ రాళ్లు తెచ్చి కుండీలు ఎత్తు మీద పెట్టు. నీళ్లు కిందికి కారాల, కారినదాంట్లో మళ్లా అవి నిలబడగూడదు."

మంచినీళ్లు! బేతంచెర్ల ఎండల్లో. బోరు నీళ్లలో సున్నం, పాలిష్ తొట్టి నీళ్లు సరేసరి. మిగిలినవి ఆఫీసులో తాగడానికున్న ఎనిమిది క్యాన్లు. కొత్త క్యాన్ల ఆటో వచ్చేది ఎల్లుండి. నేను నీళ్లు నములుతుంటే, లోడు కోసం వచ్చి కూర్చున్న మా లారీ డ్రైవరు, మేం హారన్ భాయ్ అని పిలిచే ఆయన, లేచి మొదటి క్యాను భుజానికెత్తుకున్నాడు.

"ఫికర్ మత్ కరో భాయ్. ఇంజనుకి ఆయిలు ఎక్కువ పోస్తే పొగన్నా వస్తాది, మనకి తెలుస్తాది. ఇవి నోరు లేని బళ్లు పాపం. పోద్దాం పా."

ఏడు కుండీలను నాపరాయి ముక్కల మీద వరసగా నీడలో నిలబెట్టాం. సన్నటి ధారగా పోయడం, అడుగున కారేదాకా ఆగడం, కాసేపయ్యాక మళ్లీ పోయడం. అడుగు నుంచి ఇటుక రంగు నీళ్లు కారుతూనే ఉన్నాయి. అవ్వ ఒక్కొక్క కుండీ కింద చూసి, "ఇంకా దిగలే... ఇంకా దిగలే" అంటోంది. నేనైతే కారే నీళ్ల రంగు ఇంకా పోగుకు పడుతుందా లేదా అని తువ్వాలు అంచు నుంచి ఇంకో దారం లాగాను. అవ్వ నా చేతి మీద ఒక్కటి వేసింది.

సరిగ్గా అప్పుడే కమలాపురం నుంచి ఒక పెద్దాయన, కొత్తింటికి బండలు చూసుకుందామని, బస్సు దిగి ఎండలో నడిచి వచ్చాడు.

"ఏమప్పా, గుక్కెడు నీళ్లియ్యి, నాలుక పిడచకట్టుకపాయ."

"నీళ్లు లేవు పెద్దాయనా" అన్నాను, చేతిలో ఇరవై లీటర్ల క్యాను వంచుతూ.

ఆయన క్యాను వైపు చూశాడు. నా వైపు చూశాడు. దానిమ్మ వైపు, అంటే చీపురుపుల్ల వైపు, చూశాడు. "మడిసికి లేవంటివి, పుల్లకు పోస్తాండావు! ఈ ఫ్యాక్టరీలో అందరూ ఇంతేనా?"

హారన్ భాయ్ నవ్వుతూ ఆయనకొక గ్లాసు నీళ్లిచ్చి సంగతంతా చెప్పాడు. పెద్దాయన సగం తాగి, మిగతా సగం తనే వెళ్లి వేప కుండీలో పోశాడు. "మా తమ్ముడు ఇట్లనే అరటితోటకి యూరియా దంచినాడు. నేను ఊళ్లో ఉంటే దంచనిస్తునా?" అంటూ, వరండా చూరు కింద నుంచి ఎండ రావి మీద పడుతోందని గొడుగు విప్పి పట్టుకున్నాడు. బండలు చూడటానికొచ్చిన సంగతే మరిచిపోయాడు. భాయ్ అట్టముక్కతో జువ్వికి విసురుతున్నాడు. (విసరాలని ఎవరూ చెప్పలేదు. పేషెంటు దగ్గర ఊరికే నిలబడలేని మనిషి.) పాలిష్ మిషన్లు ఆపి వచ్చిన కూలీలు, ఆసుపత్రిలో ఉన్నవాళ్ల పరిస్థితి కనుక్కోవడానికి వచ్చిన బంధువుల్లా వరండా మెట్ల మీద నిలబడ్డారు.

ఆ దృశ్యంలోకి, మూడు రోజుల ముందుగా, అమ్మగారూ సారూ కారు దిగారు.

మిషన్ల చప్పుడు లేకపోవడంతో, 'ఎవరికేమైంది' అని సారు పరుగెత్తుకొచ్చాడు. మనుషులెవరికీ ఏమీ కాలేదనీ, చెట్లన్నిటికీ అయిందనీ మెల్లగా అర్థమైంది. అమ్మగారు కుండీల దగ్గర కూర్చుని, మట్టి వేళ్ల మధ్య నలిపి, వాసన చూసింది. అవ్వ నోరు తెరవబోయింది. భాయ్ "ఎండ దెబ్బ మేడమ్" అని నా కోసం అబద్ధానికి సిద్ధపడ్డాడు. కానీ నాకు అబద్ధం చెప్పే ఓపిక కూడా మిగల్లేదు.

"నేనే చేసినానమ్మగారూ."

"ఎన్ని మూతలు పోసినావు?"

"ఆరు. తర్వాత ఎనిమిది."

"పదైదు రోజులకా?"

"రోజు మార్చి రోజు."

"మట్టి తడిపినాకనే కదా?"

"పొడి మట్టికే."

"ఆకు మాడినప్పుడన్నా ఆపినావా?"

"అప్పుడే ఎనిమిది చేసింది."

ఆమె పక్కనున్న బండల దొంతర మీద కూలబడింది. "నేను రాసిచ్చిన దాంట్లో ఒక్కటన్నా చేసినావా నాయనా?"

నేను బాగా ఆలోచించాను. "పొద్దుటిపూటే పోసినానమ్మగారూ. చేతులు కూడా కడుక్కున్నా."

గొడుగు పట్టుకున్న పెద్దాయన ముక్కుతో ఒక చప్పుడు చేశాడు. అది అంటువ్యాధిలా భాయ్‌కి, కూలీలకు, చివరికి సారుకు పాకింది. అమ్మగారు మాత్రం నవ్వలేదు. కొంగు నడుముకు దోపి, "ఇంకో క్యాను తీసుకరా" అంది.

సాయంత్రం దాకా కడిగాం. తర్వాత నెల రోజులు వాటికి ఎరువు చుక్క కూడా లేదు, కత్తెర కూడా తగలనివ్వలేదు. నీడ, మట్టి ఆరినప్పుడు మామూలు నీళ్లు, అంతే. ఏడింటిలో అయిదు బతికాయి. దానిమ్మ, జువ్వి పోయాయి. వాటిని మట్టిలోంచి నా చేతనే తీయించింది అమ్మగారు. వేళ్లు కుళ్లి, ముదురు ఇటుక రంగులో, తడిసిన దారాల్లా వేలాడుతున్నాయి. చాలాసేపు వాటిని చూసి, "రంగు బాగా పట్టిందిలే" అంది. తిట్టినా అంత తగిలేది కాదు. ఆ రెండు చెట్లనూ ఫ్యాక్టరీ వెనక పాతిపెట్టి, అక్కడే కూర్చుని, ఆ రోజుల్లో ఎప్పుడూ చేయని పని ఒకటి చేశాను. నాకు తెలియనివి ఏమేం ఉన్నాయా అని లెక్కపెట్టుకున్నాను. చీకటి పడినా అవలేదు.

ఆరో నెల నిండిన రోజు సారు నన్ను గదిలోకి పిలిచాడు. అమ్మగారు కూడా ఉంది. "చెప్పు, ఏం చేద్దాం ఈ పిల్లోన్ని?" అని ఆమెనే అడిగాడు. నేను గోడ మీదున్న క్యాలెండరు వైపు చూస్తూ, నాన్నకు ఏం చెప్పాలో మాటలు పేర్చుకుంటున్నాను.

"దొంగబుద్ధి లేదు, అడిగితే దాచడు. పని ఇస్తే దాని మీద పడి సచ్చేటట్టు చేస్తాడు" అంది ఆమె. మళ్లీ తనే, "మనది రాళ్ల పని కాబట్టి సావదు. చెట్టయితే సస్తాది. ఆఫీసులో ఉంచుకోండి. వరండాలోకి రానీకండి" అంది.

కాగితం ఇచ్చారు. జీతం, సెలవులు, పని గంటలు, అన్నీ టైపు చేసి ఉన్నాయి. చిట్టచివర, సారు సరదాగా చేయించాడో, నిజంగానే జాగ్రత్త పడ్డాడో నాకిప్పటికీ తెలియదు గానీ, ఇంకో షరతు కూడా ఉంది: 'ఈ ఉద్యోగి ఎట్టి పరిస్థితుల్లోనూ ద్రవ ఎరువులు ముట్టరాదు.' ఆ ఆదివారమే నాన్న మగ్గం దిగాడు. షరతు చదివి వినిపిస్తే, "ముట్టొద్దంటే ముట్టేదెందుకురా, గమ్మునుండు" అన్నాడు గంభీరంగా.

మూడేళ్ల తర్వాత పెళ్లిచూపులకు కడప వెళ్లినప్పుడు, ఉద్యోగం నిజమేనా అని ఆ కాగితం అడిగి తీసుకున్నారు కాబోయే మామగారు. కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివారు. చివర ఆగిపోయారు. నా వైపు చూసి, వసారాలో ఆడవాళ్లు వినకుండా గొంతు తగ్గించి, "ఏమప్పా, ఈ ద్రవమంటే... దినామూ తాగేదా, ఎప్పుడన్నానా?" అన్నారు. ఆయనకు ఏడు కుండీల కథంతా చెప్పేసరికి గంటన్నర పట్టింది. తలుపు చాటున వింటున్న అమ్మాయి ఎక్కడ నవ్వి సంబంధానికి ఒప్పుకుందో ఇప్పటికీ చెప్పదు. దిష్టి తీసిన ముక్క అప్పుడు మింగేశాను గానీ, ఇందాక రాసేశాను కాబట్టి ఇక తెలిసిపోతుంది.

ఆ ఫ్యాక్టరీ వదిలేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడు కడపలో మా మేడ మీద మా ఆవిడ కుండీల్లో పూలమొక్కలు పెంచుతోంది. వాటికి ఎరువు నీళ్లు పోసే రోజున నేను కూడా పైకి వెళ్తాను. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, పైమెట్టు మీదే నిలబడతాను. "ఇంకొంచెం పోస్తే బాగుండునేమో..." అన్న మాట నోటి దాకా వస్తుంది. ఆమె తలెత్తకుండానే, "ఒక మెట్టు దిగు" అంటుంది. నవ్వుకుంటూ దిగుతాను.